అనంతగిరికి ఈవలా ఆవలా: వికారాబాద్-తాండూరు చరిత్రను ఎలా రాయాలి?

అనంతగిరి కొండల మీద పడిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలున దిగిన నీరు మూసీ అయి గండిపేటను నింపి, హైదరాబాద్ నగరం నడుమ నుంచి సాగి, మొత్తం సుమారు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున దిగిన నీరు కాగ్నా అయి తాండూరును ఒరుసుకుంటూ కర్ణాటకలోకి దాటుతుంది. ఒకప్పుడు రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటంగా వెలిగిన మల్ఖేడ్ ఒడ్డున పారి భీమానదిలో పడుతుంది. భీమా రాయచూరుకు ఉత్తరాన కృష్ణను చేరుతుంది. ఒక్క కొండ మీద విడిపోయిన నీళ్ళు రెండు రాజ్యాల కథలు చూసి, మళ్ళీ ఒకే నదిలో చేరతాయన్నమాట.

వికారాబాద్‌కూ తాండూరుకూ రైలు దారిన నలభై కిలోమీటర్లు. ఒక జిల్లా, ఒక రైలు మార్గం. అయినా నేల వేరు, రాయి వేరు, పంట వేరు, మాట యాస వేరు. ఈ రెండు ఊళ్ళనూ వాటి చుట్టుపక్కల పల్లెలనూ కలిపి ఒక ప్రాంతంగా చూసి చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మనకు అలవాటైన పద్ధతిలో శాతవాహనులతో మొదలుపెట్టి నిజాముల దాకా రాజవంశాల వరస చెప్పుకుంటూ పోవచ్చు. అలా రాసినదాంట్లో ఊరి పేరు మారిస్తే అది తెలంగాణలో ఏ ఊరి చరిత్రయినా అయిపోతుంది. ఇక్కడి చరిత్రను నేల నుంచి, నీటి నుంచి మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. ఎందుకంటే పాలకులు గీసిన గీతలేవీ ఇక్కడ నిలకడగా నిలవలేదు.

ఆ గీతల సంగతి ముందు చూద్దాం. ఈ ప్రాంతానికి పడమట గుల్బర్గా, ఉత్తరాన బీదర్, తూర్పున గోల్కొండ. 1347లో గుల్బర్గా రాజధానిగా బహమనీ రాజ్యం ఏర్పడింది. పదిహేనో శతాబ్దంలో రాజధాని బీదర్‌కు మారింది. తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీలు, 1687లో మొగలులు, 1724 నుంచి ఆసఫ్‌జాహీలు. మూడు కోటల నడుమ ఉన్న ఈ నేల ఎప్పుడూ ఎవరికో ఒకరికి సరిహద్దే. నిజాం కాలంలో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు గుల్బర్గా మైసూరు రాష్ట్రానికి పోయింది, తాండూరు తాలూకా తెగివచ్చి హైదరాబాద్ జిల్లాలో కలిసింది. పక్కనున్న కొడంగల్ కూడా గుల్బర్గా నుంచే వచ్చింది, కానీ అది మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్ళింది. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ గ్రామీణ తాలూకాలతో కొత్త జిల్లా ఏర్పడి తర్వాత రంగారెడ్డి జిల్లా అయింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ కేంద్రంగా మరో జిల్లా వచ్చింది. అరవై ఏళ్ళ ఎడబాటు తర్వాత కొడంగల్, తాండూరు మళ్ళీ ఒకే జిల్లాలో చేరాయి. ఆ తర్వాతా గీత కుదుటపడలేదు. ఉద్యోగ నియామకాల కోసం ఈ జిల్లాను జోగులాంబ జోన్‌లో వేస్తే, మేం చార్మినార్ వైపు వాళ్ళమంటూ జనం ఆందోళన చేశారు. 2021లో చార్మినార్ జోన్‌కు మార్చారు.

ఇన్నిసార్లు గీతలు మారడం వల్ల జరిగిన నష్టం ఒకటుంది. తాండూరు పాత రెవెన్యూ కాగితం కావాలంటే గుల్బర్గా జిల్లా రికార్డుల్లో వెతకాలి. ఆ కాగితం ఫారసీలోనో ఉర్దూలోనో ఉంటుంది, కొన్ని కన్నడంలో. ఇవాళ ఆ ఊళ్ళో బడిలో చరిత్ర చెప్పే తెలుగు మాస్టారికి అది చేరే దారే లేదు. కాగితాలే కాదు, జ్ఞాపకాలదీ అదే దారి. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం మీద జరిగిన సైనిక చర్య తర్వాత ఎక్కువ నష్టపోయిన జిల్లాలుగా భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ పేర్కొన్న నాలుగింటిలో గుల్బర్గా ఒకటి. తాండూరు అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ రోజుల్లో ఈ పల్లెల్లో ఎవరికేం జరిగిందో చెప్పగలిగిన తరం దాదాపు వెళ్ళిపోయింది. కర్ణాటక చరిత్రకారులకు తాండూరు ఇప్పుడు పొరుగు రాష్ట్రం. తెలంగాణ చరిత్రకారుల చూపు సహజంగానే నల్లగొండ, వరంగల్ సాయుధ పోరాటం మీద ఉంది. మధ్యలో ఈ తాలూకా జారిపోయింది.

ఇక నేల. హైదరాబాద్ నుంచి వికారాబాద్ మీదుగా తాండూరుకు రైల్లో కిటికీ పక్కన కూర్చుని వెళ్తే భూమి మూడు వయసులు కనిపిస్తాయి. వికారాబాద్‌కు తూర్పున, చేవెళ్ళ వైపు ఉన్నది హైదరాబాద్ గుట్టల్లో కనిపించే గ్రానైటే, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అనంతగిరి మీదున్నది దక్కన్ లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద పడమటి భారతమంతా పరుచుకున్న అగ్నిశిలల చివరి అంచుల్లో ఇదొకటి. ఆ నల్లరాయి వానకూ ఎండకూ నాని నాని పైన ఎర్రటి లేటరైట్ టోపీగా మారింది. వికారాబాద్ ఎర్రమట్టి గుట్టలన్నీ అవే. బీదర్ కోట కట్టిన రాయి కూడా ఇదే జాతి. కొండ దిగి తాండూరు చేరేసరికి మూడో రాయి మొదలవుతుంది: సున్నపురాయి. జీవులకు ఇంకా పెంకులూ ఎముకలూ ఏర్పడని కాలంలో, ఇక్కడున్న లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అది. భూగర్భ శాస్త్రంలో దీన్ని భీమా శ్రేణి అంటారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1876లో ప్రచురించిన దక్షిణ మరాఠా దేశపు సర్వేలో ఈ శ్రేణి వర్ణన ఉంది. మద్రాసు దగ్గర పల్లావరంలో 1863లో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించిన ఫుట్ ఈయనే.

ఈ సున్నపురాయి గొప్పతనమంతా దాని పొరల్లో ఉంది. దొంతరగా పేర్చిన జొన్నరొట్టెల్లా ఒకదాని మీద ఒకటి పలుచగా, సమంగా ఉంటుంది. అందుకే పేలుడు మందు పెద్దగా అక్కరలేకుండా గడ్డపారతో, ఉలితో పొరలు విడదీసి బండలు తీయగలిగారు. మనం నాపరాయి అంటాం, షాబాద్ బండ అంటాం, తాండూరు బండ అంటాం. నీలం రంగు ఒకటి, పసుపు రంగు ఒకటి. హైదరాబాద్‌లో మొజాయిక్, టైల్స్ రాకముందు కట్టిన ఇళ్ళలో, బడుల్లో, ఆఫీసుల్లో, రైల్వే స్టేషన్లలో కాలి కింద పరిచింది ఎక్కువగా ఈ రాయే. వేసవి మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండ మీద పడుకున్న తరాలున్నాయి మనలో. గ్రానైట్ కొండల మీద కట్టిన నగరం తన ఇళ్ళ నేలకు మాత్రం వంద కిలోమీటర్ల అవతలి రాయిని తెచ్చుకుందంటే, దానికి కారణం ఆ పొరలూ, వాటిని మోసుకొచ్చిన రైలూ.

కరన్‌కోట్, ఓగిపూర్, మల్కాపూర్ వైపు వెళ్తే ఆ రాయికి నేల చెల్లించిన వెల కనిపిస్తుంది. బండలు తీసిన గుంతలు చెరువులంత ఉన్నాయి. పనికిరాని రాళ్ళ గుట్టలు పొలాల గట్ల మీద పడి ఉన్నాయి. పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే తెల్లటి రాతిబురద రోడ్ల పక్కన పోస్తే, ఎండాక అది దుమ్మై లేస్తుంది. గనిలో బండ లేపేవాళ్ళు, పాలిషింగ్ మెషిన్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీలుస్తారు. సున్నపురాయి ఉన్నచోట సిమెంటు వస్తుంది కాబట్టి కరన్‌కోట్‌లో ప్రభుత్వ రంగ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం వచ్చింది, ఆ చుట్టుపక్కల ప్రైవేటు కర్మాగారాలూ వచ్చాయి. ఆ సంస్థకు దేశంలో ఉన్న చాలా కర్మాగారాలు మూతపడ్డా తాండూరుది నడుస్తోంది. బండల పని ఊరికి డబ్బు తెచ్చిందన్నది నిజం. ఆ డబ్బులో గుంతలు పూడ్చడానికీ, కార్మికుల ఊపిరితిత్తుల పరీక్షలకూ పోయిన వాటా చాలా తక్కువన్నదీ అంతే నిజం. ఈ పరిశ్రమ చరిత్ర రాసేవాళ్ళు యజమానుల లెక్కలతో పాటు వడ్డెర కుటుంబాల జ్ఞాపకాలు కూడా రాసుకోవాలి. రాయి ఏ వైపు విడుతుందో చూపుతో చెప్పగలిగిన నేర్పు ఏ పుస్తకంలోనూ లేదు.

అదే సున్నపురాయి మీద పరుచుకున్న నల్లరేగడి తాండూరుకు రెండో పేరు తెచ్చింది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, వెనక నిలబడింది జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఆ గుర్తింపుకు చూపిన కారణం చదివితే సంతోషం కలుగుతుంది: లోతైన నల్లనేల, ఆ నేలలోని అట్టాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, కింద సున్నపురాయి. అంటే పప్పు రుచికి మూలం రాయిలో ఉందని ప్రభుత్వ పత్రమే ఒప్పుకుంది. కంది వేరు లోతుకు దిగుతుంది. వానలు పోయాక, అక్టోబరు నుంచి కోత దాకా, రేగడి పట్టి ఉంచిన తేమ మీదే బతుకుతుంది. ఎర్రచలకలో అది కుదరదు. అందుకే కొండకు తూర్పున కూరగాయలు, టమాటా, పూలు, పడమట కంది, జొన్న. తూర్పు రైతు తెల్లవారుజామున నగరం మార్కెట్‌కు బయలుదేరతాడు. పడమటి రైతు ఆరు నెలల పంట కోసం ఆకాశం చూస్తాడు.

తాండూరులోని వ్యవసాయ పరిశోధన స్థానం దశాబ్దాలుగా కంది రకాలు తయారుచేస్తోంది. ఎండు తెగులు, వెర్రి తెగులు తట్టుకోవడమే ఇక్కడి ప్రధాన సమస్య. పంట పండినా బాధ తీరదు. 2025-26కు కందికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అదే సమయంలో మొజాంబిక్, మయన్మార్ కందులు సుంకం లేకుండా దిగాయి. మొజాంబిక్‌తో కందుల దిగుమతి ఒప్పందం 2016లోనే జరిగింది. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతుంది, ధరను కాపాడలేదు. తాండూరు కంది పప్పు అని రాసిన సంచిలో ఉన్నది తాండూరు కందేనని కొనేవాడికి భరోసా ఇచ్చే ఏర్పాటు గట్టిపడితే తప్ప ఆ పేరు రైతు ఇంటికి చేరదు.

రాయినీ పప్పునూ బయటి లోకానికి కలిపింది రైలు. సికింద్రాబాద్ నుంచి వాడి వరకు నిజాం రైలు మార్గం 1874లో మొదలైంది. వాడి దగ్గర అది బొంబాయి-మద్రాసు లైనును అందుకుంది. తెలంగాణ నేల మీద నడిచిన మొదటి రైలు ఈ పల్లెల గుండానే పోయింది. కొండ దాటే మార్గంలో వికారాబాద్ మజిలీ అయింది. ఊరికి ఆ పేరు పాయిగా అనే జాగీర్దారీ వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. ఆరో నిజాం దగ్గర ప్రధానిగా 1901 దాకా పనిచేసిన ఆయనే ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించారు. 1930 ప్రాంతంలో ఇక్కడి నుంచి బీదర్‌కు మరో లైను పడి వికారాబాద్ జంక్షన్ అయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాక పాయిగా పాలన పోయింది, పేరు మిగిలింది. దివాణాల గురించి చాలా పుస్తకాలున్నాయి. పాయిగా గ్రామాల్లో శిస్తు ఎలా వసూలైందో, వెట్టి ఎలా చేయించారో ఊరూరి వివరం ఒక్కచోట లేదు. ఈ ప్రాంత రాజకీయాల గురించి మాత్రం చెప్పుకోదగ్గ ఆధారాలున్నాయి. మర్రి చెన్నారెడ్డి 1952లో వికారాబాద్ నుంచి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. 1967లో తాండూరు నుంచి గెలిచిన ఎన్నిక కోర్టు తీర్పుతో రద్దయింది. 1969 తెలంగాణ ఉద్యమంలో ఆయన తెలంగాణ ప్రజాసమితి నాయకుడయ్యారు. ఆ ఉద్యమ చరిత్రలో ఈ తాండూరు తీర్పును ఒక పంక్తిలో దాటేస్తుంటారు, అది సరికాదు.

జనం ఒకచోట చేరే సందర్భాలు చూస్తే ఈ ప్రాంతపు అసలు ఎల్లలు తెలుస్తాయి. అనంతగిరిలో అనంత పద్మనాభస్వామి గుడి. కార్తీకంలో జరిగే పెద్ద జాతరకు చుట్టుపక్కల జిల్లాల నుంచీ, హైదరాబాద్ నుంచీ జనం వస్తారు. భవనాశి గుండంలో మునుగుతారు. తాండూరులో భావిగి భద్రేశ్వరస్వామి జాతర. ఆ స్వామి మూలం బీదర్ వైపు లింగాయతుల్లో ఉంది, భక్తులు మాత్రం రెండు రాష్ట్రాల వాళ్ళు. ఇక ధారూరు దగ్గర అడవి అంచున నవంబరులో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతర. పందొమ్మిదో శతాబ్దం చివర ఈ వైపు వచ్చిన అమెరికా మెథడిస్టు మిషనరీలు వికారాబాద్‌లో బడులు, ఆసుపత్రి పెట్టారు. పల్లెల్లోని దళిత కుటుంబాలు చర్చిలో చేరాయి. 1923లో మొదలైన ధారూరు కూడిక వందేళ్ళు దాటింది. చెట్ల కింద గుడారాలు వేసుకుని, రోజుల తరబడి వండుకు తిని, ప్రార్థనలు చేసి, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుని వెళ్తారు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర అన్న తేడా అక్కడ లేదు. చర్చికి జాతర రూపం తొడిగింది ఈ పల్లె జనమే. అంటరానితనం నడుమ ఒక సమాజం తన సొంత కూడలిని ఎలా నిర్మించుకుందో చెప్పే విషయం ఇది, సామాజిక చరిత్రకారులు ఏళ్ళు వెచ్చించదగింది. గుడి, జాతర, చర్చి మూడింటి జన సంచారాన్ని పటం మీద గీస్తే వచ్చే ఆకారం 1956 రాష్ట్ర సరిహద్దుతో ఎక్కడా సరిపోదు.

నీటి దగ్గరికి మళ్ళీ రావాలి, ఎందుకంటే ఈ ప్రాంత వర్తమానమంతా అక్కడే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రెండు చెరువులను కాపాడడానికి 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. 2022లో దాన్ని సడలించారు. ఆ వాదోపవాదాల్లో నగరం మాట్లాడింది చెరువుల గురించే. ఆ చెరువుల్లోకి నీరు పంపే కొండ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అనంతగిరి గాలి మంచిదని నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగుల ఆసుపత్రి పెట్టారు. ఇప్పుడదే గాలి కోసం నగరం వారాంతాల్లో కార్లతో వస్తోంది. రిసార్టులు కొండ అంచుల దాకా పాకాయి, బోర్లు లోతుకు దిగుతున్నాయి.

పూడూరు మండలం దామగుండం అడవిలో 1,174 హెక్టార్లు నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. సముద్రం లోపలి జలాంతర్గాములతో మాట్లాడే ఇలాంటి కేంద్రం దేశంలో తమిళనాడు తిరునెల్వేలి దగ్గర ఒకటుంది, ఇది రెండోది. దేశ రక్షణ అవసరాన్ని కాదనడం లేదు. ఎన్ని చెట్లు పోతాయన్న లెక్క మీద అధికారులకూ పర్యావరణవాదులకూ ఈనాటికీ పొసగలేదు. ఒక నది పుట్టే పరిసరాల్లో ఇంత పెద్ద పని మొదలుపెట్టేముందు ఆ లెక్క అందరి ముందూ తేలి ఉండాల్సింది. మేతకు, వంటచెరకుకు, రామలింగేశ్వరుడి గుడికి ఆ అడవిలోకి పోయే పల్లెల హక్కు కూడా కాగితం మీద స్పష్టంగా ఉండాల్సింది.

రోడ్డు సంగతీ అలాంటిదే. హైదరాబాద్ నుంచి చేవెళ్ళ మీదుగా వచ్చే బీజాపూర్ రోడ్డు పక్కన పాత మర్రిచెట్లు 900కు పైగా ఉన్నాయి. వాటిని కాపాడాలని కొందరు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళారు, విస్తరణ ఏళ్ళ తరబడి ఆగింది. 2025 నవంబరు 3న చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని ఇరవై మంది దాకా చనిపోయారు. చెట్లా, ప్రాణాలా అని అప్పుడు అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్నే తప్పు. చెట్లను ఉంచి పక్కన మరో దారి వేసే వీలు మొదటి నుంచీ ఉంది. చనిపోయినవాళ్ళలో నగరానికి చదువుకూ పనికీ పోతున్నవాళ్ళున్నారు. రాయి, కంకర, కూరగాయలు, మనుషులు అన్నీ ఒకే ఇరుకు దారిన నగరానికి పోతున్నాయి. ఆ దారి మీద ఇక్కడి బతుకు ఎంతగా ఆధారపడి ఉందో దాన్ని బాగుచేయాల్సినవాళ్ళు గుర్తించలేదు.

ఇంగ్లండులో చర్చి చుట్టూ ఉన్న చిన్న గ్రామ పరిధిని పారిష్ అంటారు. గిల్బర్ట్ వైట్ అనే పాదిరి తన సెల్‌బోర్న్ పారిష్ పక్షుల గురించి, మట్టి గురించి, పాత కట్టడాల గురించి రాసిన పుస్తకం 1789లో వచ్చింది, ఇప్పటికీ చదువుతున్నారు. 1899లో అక్కడ కౌంటీల చరిత్ర మొదలుపెట్టారు. పారిష్ తర్వాత పారిష్‌గా రాస్తున్నారు, నూటపాతికేళ్ళయినా పూర్తి కాలేదు, ఆపలేదు. మనకు ఆ సంప్రదాయం లేదనుకోవద్దు. కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతులు తెలుగువాళ్ళ సొత్తే, కాకపోతే అవి ఎక్కువగా రాయలసీమకూ కోస్తాకూ చెందినవి. తెలంగాణలో 1920ల్లో లక్ష్మణరాయ పరిశోధక మండలి పుట్టింది. నల్లగొండకు బి.ఎన్. శాస్త్రి దొరికారు. శామీర్‌పేటను ఎస్.సి. దూబే 1955 నాటి తన పుస్తకంతో ప్రపంచానికి పరిచయం చేశారు. హైదరాబాద్‌కు ఆ వైపు పల్లెకు దక్కిన ఆ అదృష్టం ఈ వైపు పల్లెకు దక్కలేదు. మనకున్నవల్లా గెజిటీర్లలో కొన్ని పేజీలు, భూగర్భ సర్వేలు, కోర్టు తీర్పులు, మిషన్ నివేదికలు, వార్తాపత్రికల జిల్లా పేజీలు. ముడిసరుకు ఉంది, దాన్ని కలిపే పుస్తకం లేదు.

ఆ పని ఒక్కరి వల్ల కాదు, విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూడనక్కరా లేదు. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ డిగ్రీ కళాశాలల్లో చరిత్ర, భూగోళం చెప్పే అధ్యాపకులు తలా ఒక మండలం తీసుకోవచ్చు. విద్యార్థులు తమ ఊరి బావులు, గనులు, గుడి, మసీదు, చర్చి, శ్మశానం, జాతర, వలస పోయిన కుటుంబాల వివరాలు రాయవచ్చు. కన్నడం, ఉర్దూ చదవగలిగిన పెద్దలు తాండూరులో ఇంకా ఉన్నారు. గుల్బర్గా కాగితాలు చదివి తెలుగులో చెప్పించుకోవడానికి వాళ్ళ సాయం ఇప్పుడే తీసుకోవాలి. కొత్త జిల్లాకు 2026 అక్టోబరుతో పదేళ్ళు నిండుతాయి. జిల్లా యంత్రాంగం ఉత్సవాలకు పెట్టే ఖర్చులో కొంత ఈ పుస్తకానికి కేటాయించాలి.